అవతలి గట్టు చక్రం

ఆయన పోయారన్న కబురు నాకు క్లబ్బు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. గవర్నర్‌పేటలో మా ప్రెస్సు అప్పుడే తెరిచాం. ఒక పెళ్ళి శుభలేఖ ప్రూఫు చేత్తో పట్టుకుని, వరుడి తాతగారి పేరుకు ముందు 'కీర్తిశేషులు' పడిందా లేదా అని చూస్తున్నాను. ఫోను మోగింది. 'మన సీనియర్ సభ్యులు, మాజీ సెక్రటరీ గారు ఈ తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారు' అని ఉంది. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు, గులాబీల బొమ్మలు. ఆ బొమ్మల వరస అయ్యీ అవకముందే ఒకాయన 'శనివారం మీటింగు హాలు మారిందా అండీ?' అని అడిగాడు. ఇంకొకాయన 'లేదండీ, అక్కడే' అన్నాడు. ఫోను బల్ల మీద బోర్లించేశాను. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? ప్రూఫు దిద్దడం పూర్తి చేశాను. అప్పటిదాకా ఏడుపు కూడా రాలేదు.

పదవి దిగిపోయాక కూడా ఆయన్ని నేను 'సెక్రటరీ గారూ' అనే పిలిచాను. నీటిపారుదల శాఖలో, కాలవల మీద లాకులు చూసుకునే ఉద్యోగం చేసి రిటైరయిన మనిషి. మాలాంటి సేవా క్లబ్బులు మీరు చూసే ఉంటారు. డాక్టర్లు, షాపుల వాళ్ళు, ఆడిటర్లు, వారానికో మీటింగు, కంటి శిబిరాలు, స్కూలు బ్యాగులు, శాలువాలు, చివర్న గ్రూపు ఫొటో. ఆ ఫొటోల్లో ఆయన్ని వెతుక్కోవాలి. ఎప్పుడూ వరస చివర, ఒక చెవీ సగం బుగ్గా మాత్రం పడేవి. ప్రెసిడెంటుగా ఉండమని ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. "దండ వేస్తారమ్మా. మెడలో దండుంటే వంగి పని చెయ్యలేం" అనేవారు. నాకు దండలంటే ఇష్టం. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో తప్పంతా నాది.

ఒక ఏడాది ప్రతి క్లబ్బూ ఒక శాంతి ప్రాజెక్టు చెయ్యాలని పై కమిటీ నుంచి కాగితం వచ్చింది. నోరున్న మనిషినని ప్రాజెక్టు చైర్‌పర్సన్ పని నాకు తగిలించారు. చోటు వెతుక్కోవడం కష్టం కాలేదు. కూచిపూడి దాటి సముద్రం వైపు దిగువకు వెళ్తే ఒక పెద్ద మురుగు కాలవ ఉంది. సముద్రం పోటు మీదుంటే అందులో నీళ్ళు ఎగదన్నుతాయి. బస్సు దిగే వైపు గట్టు మీద పాలెం, చేపలు పట్టేవాళ్ళది. అవతలి గట్టు మీద పేట, పొలం పనులు చేసుకునే క్రైస్తవ కుటుంబాలది. పేట పిల్లల బడి, పాల కేంద్రం, ఆఖరికి పేటవాళ్ళ సమాధుల తోట కూడా పాలెం వైపే ఉన్నాయి. పాలెం ఆడవాళ్ళు గంపలెత్తుకెళ్ళి చేపలమ్ముకునే ఊళ్ళన్నీ పేట వెనకాల ఉన్నాయి. మనుషుల్నీ సామాన్లనీ దాటించడానికి మధ్యలో ఒక పాత బల్లకట్టు ఉండేది.

ఒకరోజు పేట నుంచి దాటి వచ్చిన శవయాత్ర, పాలెం వాళ్ళు గట్టు మీద ఆరేసుకున్న వలల మీంచి వెళ్ళింది. తొక్కారని వీళ్ళు, దారి మూసేశారని వాళ్ళు. ఆ కొట్లాటలో పేటలో ఒకాయనకి కన్ను పోయింది. పాలెంలో ఒకావిడ కొడుకు పడవ తగలబడింది. బల్లకట్టును ఎవరు విప్పేశారో, అది కొట్టుకుపోయింది. అప్పట్నించీ ఎవరైనా సరే, ఎక్కడో ఉన్న వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావలసిందే.

నేను ప్రెస్సులో కూర్చుని రెండు రోజుల్లో ప్రాజెక్టు రాసి పారేశాను. శాంతి ర్యాలీ, తెల్ల టోపీలు, రెండు పల్లెల పెద్దల చేతా పావురాలు ఎగరేయించడం. ఫ్లెక్సీ డిజైను కూడా అయిపోయింది. సెక్రటరీ గారు అదంతా ఓపిగ్గా చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"అమ్మాయ్, పావురాలు ఎలాగూ దాటేస్తాయి. మనుషుల సంగతి చూద్దాం."

నాకు ఒళ్ళు మండింది. "అయితే మీరే రాయండి" అన్నాను.

"రాసే ముందు మజ్జిగ తాగాలి గదా!"

ఆయన పద్ధతి అది. రెండు పక్షాల ఇళ్ళలోనూ మజ్జిగ తాగితే గాని కాగితం మీద కలం పెట్టరు. మజ్జిగ ఇచ్చిన ఇంటికి మళ్ళీ వెళ్ళకపోయినా ఫరవాలేదట, ఇవ్వని ఇంటికే రెండోసారి వెళ్ళాలట. పేటలో కన్ను పోయినాయనకి గేదె ఉంది. ఆయన మజ్జిగ చెంబు తెచ్చి ముందు పెట్టాడు. పాలెంలో పడవ కాలినావిడ మాత్రం గుమ్మంలోంచే అడ్డం తిరిగింది.

"ఎవురయ్యా మీరు? ఏ పార్టీవోళ్ళు?"

"పార్టీ కాదమ్మా. కాలవోణ్ణి. లాకుల మీద పంజేసి రిటైరయ్యాను."

"అయితే ఆ కాలవలో నీళ్ళు తీసేయించు. నడిచెల్తాం."

ఆయనకి నవ్వాగలేదు. గొడుగు మీద వాలిపోయి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఆవిడ కూడా మొహం పక్కకి తిప్పుకుంది, నవ్వు కనపడకుండా. ఆ రోజు మజ్జిగ రాలేదు. రెండోసారీ రాలేదు. మూడోసారి గ్లాసుడు మంచినీళ్ళు వచ్చాయి. "ఇదీ మజ్జిగే" అన్నారాయన నాతో, బస్సులో.

అప్పుడు రాశారు ప్రాజెక్టు. ఒకే ఒక్క పేజీ. కొత్త బల్లకట్టు చేయించాలి. రెండు గట్ల మీదా రెండు చెక్క చక్రాలు పాతాలి, లాకు తలుపులెత్తే చక్రాల్లాగా చేత్తో తిప్పేవి. బల్లకట్టుకు అటొక తాడు, ఇటొక తాడు, ఒక్కో తాడు ఒక్కో చక్రానికి. బల్లకట్టు మీద నిలబడి తాడు ఎంత లాగినా చక్రం వదులుగా తిరిగి తాడు ఊడి వస్తుందే తప్ప బల్లకట్టు కదలదు. అవతలి గట్టు మీద ఎవరో ఒకరు నిలబడి చక్రం తిప్పాలి. అప్పుడే ఇవతలి మనిషి దాటుతాడు.

మీటింగులో మా ఇంజినీరు సభ్యుడు ఊరుకోలేదు. "ఇదేం డిజైనండీ? పైన ఇనప తీగ కట్టి కప్పీ వేస్తే ఎవరికి వాళ్ళే లాక్కుని పోతారు గదా."

"అదే గదండీ వద్దంటున్నది" అన్నారు సెక్రటరీ గారు. "అవతలోడు తిప్పాలి. అదే మన ప్రాజెక్టు. బల్లకట్టు వట్టి సాకు."

నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాను.

బల్లకట్టు నీళ్ళలోకి దిగిన రోజు ఎవరూ ఎక్కలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు కన్ను పోయినాయన పాల క్యాను ఒకటి తెచ్చి బల్లకట్టు మధ్యలో పెట్టి, తను గట్టు మీదే నిలబడ్డాడు. పాలెం వైపు పాల కేంద్రం వాడు విసుక్కుంటూ వచ్చి చక్రం తిప్పాడు. క్యాను ఒక్కటే దాటింది. ఆ సాయంత్రం అటు నుంచి ఒక చేపల గంప వచ్చింది, అదీ ఒంటరిగానే. అలా చాలా రోజులు క్యాన్లూ గంపలూ మాత్రమే తిరిగాయి. పై కమిటీకి పంపే ఫారంలో 'లబ్ధిదారుల సంఖ్య' అని ఒక గడి ఉంటుంది. అది నింపలేక తల పట్టుకున్నాను.

"రాయమ్మా, ఒక పాల క్యాను, ఒక గంప" అన్నారు. "నవ్వకు. ముందు గంప దాటాలి. మనిషి దాటేది ఆ తర్వాతే."

మనుషులూ దాటారు. బడి పిల్లలు ముందు, వాళ్ళ వెనకాల తల్లులు. అవతల ఎవరూ లేకపోతే గట్టు మీద నిలబడి "ఓయ్, తిప్పండర్రా!" అని కేకలేసేవారు. అవతలి నుంచి తిట్లు వచ్చేవి, చక్రం కూడా తిరిగేది. ఒకసారి పడవ కాలినావిడ చక్రం తిప్పుతూ, బల్లకట్టు మీదున్న కన్ను పోయినాయన్ని కాలవ మధ్యలో ఆపేసి, వాళ్ళ గేదె తన వల తినేసిందని దులిపి దులిపి వదిలిపెట్టింది. ఆయన నోరెత్తలేదు. ఎత్తితే ఈదాలి మరి. ఆ సంగతి చెప్తున్నప్పుడు సెక్రటరీ గారి మొహం చూడాలి, మనవడు నడక నేర్చినట్టు.

ఇక నేను చేసిన ఘనకార్యం.

రెండేళ్ళు బాగా నడిచింది. పై కమిటీ వాళ్ళు ప్రాజెక్టు చూడటానికి వస్తామన్నారు. అవార్డుకి పరిశీలిస్తారట. అప్పుడు సెక్రటరీ గారు కంటి ఆపరేషన్ చేయించుకుని కంకిపాడులో కూతురింట్లో ఉన్నారు. వచ్చిన పెద్దలు గట్టు మీద నిలబడి 'తిప్పండర్రా' అని కేకలెయ్యాలా? నాకు నామోషీ అనిపించింది. ఒక దాత ముందుకొచ్చాడు. ఇంజినీరు గారు సిద్ధంగానే ఉన్నారు. వారం రోజుల్లో గట్టు నుంచి గట్టుకి ఇనప తీగ, మెరిసే కప్పీ, దాత పేరుతో బోర్డు. చక్రాలు రెండూ పీకించి పాలెం బడి వరండాలో పడేయించాను. పెద్దలొచ్చారు, తమంతట తామే లాక్కుని దాటారు, చప్పట్లు కొట్టారు. నాకు దండ పడింది. అవార్డూ వచ్చింది.

కంటికి నల్లద్దాలతో సెక్రటరీ గారు వచ్చి చూశారు. చాలాసేపు చూశారు. "బాగుందమ్మా" అన్నారు. కప్పీని ఒకసారి తిప్పి చూసి, "ఇంక ఒకళ్ళతో ఒకళ్ళకి పనేముంది?" అన్నారు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అని తేలికపడేదాన్ని.

ఆయన చెప్పినట్టే అయింది. కేకలు ఆగిపోయాయి, తిట్లూ ఆగిపోయాయి. ఎవరి పనికి వాళ్ళు తీగ పట్టుకుని లాక్కుని పోయేవారు, మొహాలు చూసుకోవలసిన అవసరం లేకుండా. బల్లకట్టు ఏ గట్టున ఆగితే ఆ గట్టు వాళ్ళది. ఒకరోజు పేటవాళ్ళు పేట వైపు గొలుసేసి తాళం పెట్టారు, తెల్లారే పాలు పంపాలని. మర్నాడు పాలెం వాళ్ళు తమ వైపు తాళం పెట్టారు. ఆ వారంలోనే తీగ తెగి కాలవలో పడింది. ఎవరు కోశారో ఈ రోజుకీ తెలీదు. ఇక చూడండి, పాత పగ అంతా లేచింది. రాళ్ళు పడ్డాయి. పేట పిల్లలు మళ్ళీ వంతెన చుట్టూ నడవడం మొదలుపెట్టారు. ఎండకి సొమ్మసిల్లి ఒక పిల్ల దారిలో పడిపోయిందని విన్నప్పుడు నాకు తల తీసేసినట్టయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

సెక్రటరీ గారు వడ్రంగిని వెంటబెట్టుకెళ్ళి చక్రాలు మళ్ళీ పాతించారు. అప్పట్నించి ప్రతి ఆదివారం పొద్దున బస్సెక్కేవారు. ఒక వారం పాలెం గట్టున, ఒక వారం పేట గట్టున, చక్రం పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చునేవారు. అవతల ఎవరైనా ఎక్కితే తిప్పుదామని. ఎవరూ ఎక్కేవారు కాదు. డెబ్బై దాటిన మనిషి, మధ్యాహ్నం దాకా కూర్చుని, తెచ్చుకున్న పెరుగన్నం తిని, గొడుగు దులుపుకుని వచ్చేసేవారు. ఒక్కసారి మాత్రం వెంట వెళ్ళాను. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్ళీ వెళ్ళలేదు.

"మీరెందుకండీ ఇట్లా చస్తారు? పాడు చేసింది నేను. నాలుగు తిట్టండి" అన్నాను ఆ రోజు.

"నిన్ను తిడితే బల్లకట్టు కదులుద్దా అమ్మాయ్? తిప్పేవాడొకడు అవతల ఉన్నాడని వాళ్ళకి కనపడాలి. అంతే పని."

ముసురులో తడిసి కూర్చున్నారు. నిమ్ము చేసింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టిన మొహంతో, వేళ్ళతో గాల్లో సున్నా చుట్టి చూపించారు. నర్సు ఫ్యాను తిప్పమంటున్నారేమో అనుకుంది. నాకు తెలుసు ఏమంటున్నారో. "ఈ ఆదివారం నేను వెళ్తాను లెండి" అన్నాను. వెళ్ళలేదు. క్లబ్బు కొత్త కార్యవర్గం ఇన్‌స్టలేషన్ ఫంక్షన్ పిలుపుల పని ఉంది. అబద్ధం చెప్పి పంపించాను ఆయన్ని. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

మా పట్నం సమాధుల తోటలో మట్టి వేస్తుంటే నా కళ్ళు గేటు వైపే ఉన్నాయి. పాలెం నుంచి ఒక్కరు రాలేదు, పేట నుంచి ఒక్కరు రాలేదు. ఇంత పగా? పోయిన మనిషిని చూడటానికి కూడా, వాళ్ళొస్తారేమోనని వీళ్ళూ, వీళ్ళొస్తారేమోనని వాళ్ళూ ఆగిపోయారా? ఆయన ఎండలో కూర్చున్నది ఈ రాతి గుండెల కోసమా? గుప్పెడు మట్టి వేస్తూ రెండు పల్లెల్నీ మనసులో తిట్టుకున్నాను.

శనివారం మీటింగులో ఆయన కోసం ఒక నిమిషం మౌనం పాటించారు. నిమిషం అవగానే ప్రెసిడెంటు గారు, "ఆ బల్లకట్టు ప్రాజెక్టు క్లోజ్ చేసేద్దామండీ. ఎవరూ వాడట్లేదు. వేరే ఊరికి తరలిస్తే కొత్త ప్రాజెక్టుగా చూపించొచ్చు" అన్నారు. తలలు ఊగాయి. నేను లేచాను. ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. అరిచానని మాత్రం తర్వాత చెప్పారు. అరిచి, ఏడ్చి, నెలాఖరు దాకా గడువు తెచ్చుకున్నాను. అప్పటికీ ఎవరూ దాటకపోతే లారీ వచ్చి బల్లకట్టును పట్టుకుపోతుంది. ఆయన మిగిల్చి వెళ్ళింది అదొక్కటే.

మర్నాడు ఆదివారం. పాలెం దగ్గర బస్సు దిగి, ఆటో మాట్లాడుకుని వంతెన చుట్టూ తిరిగి పేట గట్టుకి వెళ్ళాను. బల్లకట్టు పాలెం వైపు ఆగి ఉంది. చక్రం పక్కన ఆయన ముక్కాలి పీట అలాగే ఉంది, ఎవరూ తియ్యలేదు. దాని మీద కూర్చోబుద్ధి కాలేదు. నిలబడ్డాను. ఎండ ఎక్కింది. అవతల మనుషులు తిరుగుతున్నారు, వలలు దులుపుతున్నారు, నా వైపు చూస్తున్నారు, పోతున్నారు. నెలాఖరుకి ఇలాంటి ఆదివారాలు ఇంకెన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాను. ఒక చెయ్యి కూడా నిండలేదు. చక్రం పిడి పట్టుకుని ఊరికే ఏడుస్తూ నిలబడ్డాను. ఇంకేం చెయ్యను?

అప్పుడు పడవ కాలినావిడ గట్టు దిగింది. నెత్తిన గంప. నీళ్ళ దాకా వచ్చి, గంపని దించి బల్లకట్టు మధ్యలో పెట్టింది. తడి గోనె కప్పింది. తను ఎక్కలేదు. వెనక్కి అడుగేసి, చెయ్యి ఊపింది.

పిడి తిప్పడం మొదలుపెట్టాను. పోటు మీదుంది కాలవ. చేతులు లాగేస్తున్నాయి. గంప కదిలింది. గంపండీ! ఆయన చెప్పిన గంప! సగం దూరం వచ్చింది. అప్పుడావిడ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కేకేసింది.

"అమ్మో... ఓయమ్మా! పెద్దాయనేడీ? మూడు ఆదివారాల్నించీ రాట్లేదు! జొరమా?"

నా చేతులు ఆగిపోయాయి.

"ఆ చేపలు ఆయనింటికి పంపమ్మా! పులుసెట్టి పెట్టమను, లేచి కూకుంటాడు!"

ఈ ఊళ్ళకి ఎవరూ చెప్పలేదు. మా గ్రూపులో పెట్టాం, అంతే. గులాబీలూ దండాలూ అన్నీ మాలో మేమే పంచుకున్నాం. ఈ రెండు గట్లకీ ఒక్క మనిషిని పంపాలని మాలో ఎవరికీ తోచలేదు. నాకు తోచలేదు. పైగా రాలేదని తిట్టుకున్నాను.

పిడి నా చేతుల్లోంచి జారింది. చక్రం గిర్రున వెనక్కి తిరిగింది. బల్లకట్టు పోటుకి పక్కకి కొట్టుకుపోతోంది.

"చక్రం వదిలేస్తారేంటండీ! గంప పోద్ది!"

ప్రార్థన ముగించుకుని వస్తున్న కన్ను పోయినాయన. చంకలో బైబిలు. ఒక్క అంగలో వచ్చి రెండు చేతులా పిడి పట్టేశాడు. అది ఎవరి గంపో ఆయనకి తెలుసు. అవతల నిలబడ్డావిడ ఎవరో కూడా తెలుసు. పళ్ళు బిగించి తిప్పుతూ, నా వైపు చూడకుండానే అడిగాడు.

"అవునూ, పెద్దాయనకేమయిందండీ? పీట అలాగే ఉంచాం."

గంప దగ్గరకి వస్తోంది. గోనె కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. అవతలి గట్టున ఆవిడ, ఎండకి నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, నా జవాబు కోసం చూస్తూ నిలబడి ఉంది.